నేను కొట్టేసిన నాలుగో వాక్యం

పోయిన వారం మిమ్మల్ని పొల్లాచ్చి రోడ్డులో, సౌందరరాజ గారి నూలు మిల్లు గేటు ముందు, మధ్యాహ్నం రెండున్నర ఎండలో నిలబెట్టేసి వెళ్ళాను. తప్పే, ఒప్పుకుంటాను. కానీ నేనూ అక్కడే నిలబడి ఉన్నాను కదా. వాచ్‌మన్ అళగర్‌సామి నా పేరు పుస్తకంలో రాసుకోవడానికి పది నిమిషాలు తీసుకున్నాడు. అముద. మూడక్షరాలు. నన్ను లోపలికి పంపవచ్చో లేదో ఫోనులో ఎవరినో అడుగుతూ, ఆ మూడక్షరాలనే దిద్దుతూ కూర్చున్నాడు.

అతను దిద్దుకుంటూ ఉండగా, కొత్తగా వచ్చినవాళ్ళకు జరిగింది చెప్పేస్తాను. ఈ మిల్లులో ఏ రకం పత్తి ఎంత పాలు కలపాలో రాసే కాగితం ఒకటుంది. మిక్సింగ్ షీటు అంటారు. వాళ్ళ నూలుకు ఆ నునుపు వచ్చేది ఆ పాళ్ళ వల్లనే. సౌందరరాజ గారి తండ్రి ఏళ్ళ తరబడి పత్తిని వేళ్ళ మధ్య నలిపి చూసి కనిపెట్టిన లెక్క అది. మూడు నెలలుగా ఆ కాగితం రోజూ బయటికి పోతోంది. తిరుమంగళం వైపు కొత్తగా పెట్టిన మిల్లు ఒకటి అచ్చం అదే నూలు తీస్తోంది. కంప్యూటర్ గది చూసుకునే మణిమారన్ అణ్ణ మీద నింద పడింది. ఈ సాయంత్రం నాలుగింటికి పోలీసులకు ఫిర్యాదు ఇస్తారు. మణిమారన్ అణ్ణది మా కాలనీ, మా వీధి, మా ఇంటి నుంచి మూడో ఇల్లు. మా కాలనీ నుంచి ఆ మిల్లులోకి చీపురు పట్టుకోకుండా అడుగుపెట్టిన మొదటి మనిషి.

ఇక నా సంగతి. నేను ఒక చిన్న కంపెనీలో వివరణలు రాస్తాను. నవ్వేవాళ్ళు నవ్వండి, మా చిన్నాన్న ఇప్పటికీ నవ్వుతాడు, అదీ ఒక ఉద్యోగమేనా అని. ఈ మిల్లులో పొద్దున్నే మిక్సింగ్ షీటు చదివి యంత్రాలకు కొలతలు పంపేది మనిషి కాదు, ఏఐ ఏజెంట్ అనే ప్రోగ్రాం. అలాంటి ఏజెంట్లు నెట్‌వర్క్‌లో ఎవరితో మాట్లాడగలవు, ఏ సమాచారం ఏ దారిన బయటికి పోగలదు, ఆ అనుమతి ఎవరిచ్చారు అని తనిఖీ చేసే సాధనాలు మా కంపెనీ అమ్ముతుంది. ఏ సాధనం ఏం చేస్తుందో నాలుగు మాటల్లో నేను రాసిపెడతాను. దాన్ని మనుషులు చదవరు. ఏజెంటే చదువుతుంది. చదివి, ఏ పనికి ఏ సాధనం పట్టుకోవాలో తేల్చుకుంటుంది. మనకు అనుమానం వస్తే పక్కవాణ్ణి అడుగుతాం. దానికి నేను రాసిందే వేదం.

అనుమతుల జాబితా చూపించే సాధనానికి నేను నాలుగు వాక్యాలు రాశాను. ఏజెంటుకు ఇచ్చిన అనుమతులన్నీ చూపిస్తుందని ఒకటి. అది ఏ బయటి చిరునామాలతో మాట్లాడగలదో చెబుతుందని రెండోది. దేన్నీ మార్చదు, దేన్నీ మూయదు అని మూడోది. నాలుగోది ఇది: 'యజమాని ఖాతా నేరుగా ఇచ్చిన అనుమతులు ఇందులో కనబడవు, వాటిని చూడడానికి రెండో సాధనాన్ని కూడా వాడాలి.'

ఈ పద్ధతి నాకు మా నాన్న దగ్గరి నుంచి వచ్చింది. మా నాన్న యేసుదాస్ ముప్పై ఒక్క ఏళ్ళు కార్పొరేషన్‌లో మురుగు కాలువల పని చేశాడు. వాళ్ళ గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. మూత ఎత్తి లోపల చూసినవాడు తరవాతివాడికి రెండు ముక్కలు చెప్పాలి: చూసింది ఏమిటి, చూడనిది ఏమిటి. "వంపు దాకా చూస్తిని, వంపు అవతల చూడలేదు" అన్నట్టు. రెండో ముక్క చెప్పకపోతే మేస్త్రీ ఎంత తిట్టినా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. నేను ఏ వివరణ రాసినా చివర్న ఆ రెండో ముక్క రాస్తాను.

మా యజమాని బాలసుందరం ఆ నాలుగో వాక్యం తీసేయమన్నాడు. చూడదు, కనబడవు అని రాస్తే కొనేవాళ్ళు భయపడతారన్నాడు. తీసేశాను. వాదించలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సు తప్పిపోతుందన్న తొందర. ఇంతకన్నా పెద్ద కారణం వెతికాను గానీ దొరకలేదు.

మొన్న మిల్లువాళ్ళు ఏజెంటును అడిగారు, బయటికి దారి ఏదైనా ఉందా అని. అది నా మూడు వాక్యాలు చదివింది. ఆ ఒక్క సాధనాన్నే వాడింది. దారి లేదు అంది. దారి లేకపోతే కాగితం ఎలా పోతుంది? మనిషి చేతుల మీదుగా. ఏ మనిషి? పాస్‌వర్డ్ ఉన్న మనిషి. అలా వచ్చింది మణిమారన్ అణ్ణ పేరు.

"మిల్లుకు వెళ్తే మళ్ళీ ఆఫీసుకు రావద్దు" అని బాలసుందరం పొద్దున మెసేజ్ పెట్టాడు. చదివి, బస్సెక్కాను.

అళగర్‌సామి పుస్తకం మూసి, లోపలికి పొమ్మని చెయ్యి చూపించాడు.

ఆఫీసు గది చల్లగా ఉంది. ఏసీ చల్లదనం. బల్ల వెనక సౌందరరాజ గారు, అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల పంచె. పక్కన లాప్‌టాప్ ముందు ఆయన కొడుకు కార్తికేయన్. ఏజెంటును కొన్నదీ, మా కంపెనీని పిలిచిందీ ఇతనే. బల్ల మీద టైపు చేసిన రెండు కాగితాలు, ఎగిరిపోకుండా వాటి మీద ఒక నూలు కండె. ఫిర్యాదు అదేనని అడగక్కర్లేకుండానే తెలిసింది. గోడవారన మణిమారన్ అణ్ణ నిలబడి ఉన్నాడు. గదిలో మూడు ఖాళీ కుర్చీలున్నాయి.

నన్ను చూసి అణ్ణ తల అడ్డంగా ఊపాడు. ఎందుకొచ్చావు, పో, అని ఆ ఊపుకు అర్థం.

కార్తికేయన్ తమిళంలో మొదలుపెట్టాడు. బాలసుందరం ఫోన్ చేశాడట, నేను కంపెనీ తరఫున రాలేదన్నాడట, నా మాటకు కంపెనీ బాధ్యత లేదట. అంతా మర్యాదగానే చెప్పాడు. ఈలోగా సౌందరరాజ గారు నా వైపు చూడకుండా కొడుకు వైపు వంగి, తెలుగులో అన్నారు:

"ఈ పిల్ల వాని కోసరం వచ్చిండాది కార్తీ. కాలనీవాళ్ళంతా ఒకే కట్టు. మంచిగా మాట్లాడి పంపించేయి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళింట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే. వాళ్ళ ముత్తాతలు ఈ తమిళ సీమకు పొలాలు వెతుక్కుంటూ వచ్చారు, మా ముత్తాతలు పని వెతుక్కుంటూ వచ్చారు. కానీ వాళ్ళూ మేమూ ఎదురుపడితే మాట్లాడుకునేది తమిళమే. పనివాళ్ళకు తెలియకూడనిది ఏదైనా ఉంటే మాత్రం వాళ్ళు తెలుగులోకి వెళ్ళిపోతారు, మాకు ఆ భాషే రానట్టు. మేము మూడు తరాలుగా అంతా విన్నాం, విననట్టు నిలబడ్డాం. దానికి మర్యాద అని పేరు. మా నాన్నకు అది బాగా వచ్చు. నాకు ఆ రోజు చేతకాలేదు.

"నేను ఎవరి కోసరమూ రాలేదు అయ్యా," అన్నాను, తెలుగులోనే. "నా తప్పు చెప్పుకొనేదానికి వచ్చిండాను. విన్నాక పొమ్మంటే పోతాను."

కార్తికేయన్ చెవులు ఎర్రబడ్డాయి. సౌందరరాజ గారు మొదటిసారి నా ముఖం చూశారు.

"ఏ ఊరు మీది?"

"ఈ ఊరే అయ్యా. మా అవ్వ పుట్టిందీ ఈడనే."

"కూర్చో."

"అణ్ణ కూర్చుంటే కూర్చుంటాను."

అలా అనాలని వచ్చిన దాన్ని కాదు. నోరు అలాంటిది, మా అమ్మ ఆరోగ్యమేరి ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. ఆయన మణిమారన్ అణ్ణకు కుర్చీ చూపించారు. అణ్ణ కుర్చీ అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళుగా ఆ గదికి వస్తూ పోతూ ఉన్నాడు, అక్కడ కూర్చోవడం అదే మొదటిసారని తరవాత తెలిసింది.

నేను తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టాను. నాలుగు వాక్యాలు, నాలుగోదాని మీద గీత. ఎందుకు రాశానో, ఎవరు తీసేయమన్నారో, నేనెందుకు ఒప్పుకున్నానో చెప్పాను. బస్సు సంగతి కూడా చెప్పాను. సిగ్గేసింది, అయినా చెప్పాను. ఏజెంటు అబద్ధం చెప్పలేదనీ, ఎక్కడిదాకా చూసిందో అక్కడిదాకా చెప్పిందనీ, దానికి ఆ తరవాత కూడా చూడాలని తెలియకపోవడం నా వల్లనేననీ అన్నాను.

సౌందరరాజ గారు కాగితం చేతిలోకి తీసుకోలేదు. కానీ ఆలోచించారు.

"అంటే," అన్నారు నెమ్మదిగా, "బేలు పైన ఇంత పత్తి పీకి చూసి, బేలు అంతా బాగుండాదని రాసిచ్చినట్ల."

"ఆమా అయ్యా, అట్లనే. లోపల చెయ్యి పెట్టలేదని చెప్పకుండా."

"అట్ల రాసిచ్చినవాణ్ణి మా నైనా మళ్ళా మిల్లు గేటు లోపలికి రానీలేదు."

"నేనూ గేటు బయటికి పోయేదానికి రెడీగానే వచ్చిండాను అయ్యా."

కార్తికేయన్‌కు కోపం వచ్చింది. నిజానికి అతని కోపంలో న్యాయం ఉంది. "అది మెషీను," అన్నాడు. "మీరు ఒక లైను తీస్తే ఒక జవాబు, లైను పెడితే ఇంకో జవాబు చెప్తుందంటే ఇంక దేన్ని నమ్మాల? ఇప్పుడు మీకు కావాల్సిన జవాబు వచ్చేటట్ల రాసి పెడతారు, అంతేనా?"

"జవాబు నేను రాయలేనండీ. ఎక్కడ వెతకాలో రాస్తాను. ఆడ ఏమీ లేకపోతే, నేను ఏమి రాసినా దానికి ఏమీ దొరకదు. మీరే అడగండి. మొన్న అడిగిన మాటే, ఒక అక్షరం మార్చకుండా."

అతను తండ్రి వైపు చూశాడు. ఆయన తలూపారు.

నా లాప్‌టాప్ తెరిచాను. వివరణల పేజీ నా పేరుతోనే తెరుచుకుంటుంది. బాలసుందరానికి ఇంకా నన్ను అందులోంచి తీసేయాలని తోచలేదు. నాలుగో వాక్యం మళ్ళీ రాశాను. రాసేటప్పుడు ఒక మాట మార్చాను: 'వాడాలి' అన్నచోట 'వాడకుండా దారి లేదని చెప్పవద్దు' అని పెట్టాను. భద్రపరిచే బటన్ నొక్కాను. నా ఉద్యోగం ఆ నొక్కుడుతో పోయిందని నాకు తెలుసు. మూడేళ్ళు ఆ ఉద్యోగం మా ఇంట్లో అందరి తల ఎత్తి ఉంచింది.

కార్తికేయన్ అదే ప్రశ్న టైపు చేశాడు. బయటికి దారి ఏదైనా ఉందా?

ఎదురుచూశాం. కింద స్పిన్నింగ్ హాలులోంచి యంత్రాల రొద నేల గుండా వస్తోంది. మణిమారన్ అణ్ణ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, బల్ల కాళ్ళ వైపు చూస్తున్నాడు. ఆ తెర మీద ఏమీ రాకపోతే అణ్ణ కథ అంతటితో సరి. నా వాక్యం ఉన్నా లేకపోయినా ఒకటేనని తేలుతుంది, నాలుగింటికి జీపు ఎక్కుతాడు.

జవాబు వచ్చింది. కార్తికేయన్ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"మొదటి సాధనం యజమాని ఖాతాను చూడదని దాని వివరణలో ఉంది. అందువల్ల రెండో సాధనాన్ని కూడా వాడాను. బయటికి ఒక దారి ఉంది. ప్రతిరోజూ ఉదయం ఆరున్నరకు మిక్సింగ్ షీటు ఆ దారిన వెళ్తోంది. ఇది జూన్ నుంచి తెరిచి ఉంది. అనుమతి ఇచ్చిన ఖాతా..." అక్కడ ఆగిపోయాడు.

"చదువు," అన్నారు సౌందరరాజ గారు.

"అవ్వ, నైనా. అవ్వ ఖాతా. ధనమ్మాళ్ అని ఉండాది."

ధనమ్మాళ్ ఆయన తల్లి. ఎనభై నాలుగేళ్ళు. అక్షరం ముక్క రాదు. ఆ మిల్లులో కొత్తది ఏది వచ్చినా ఆమె చెయ్యి తగలకుండా కదలదు. కొత్త యంత్రానికి పసుపు పెట్టి మొదటి స్విచ్ ఆమె నొక్కాలి. కొత్త లారీ తాళంచెవి మొదట ఆమె చేతిలో పడాలి. తొమ్మిదేళ్ళ కింద కంప్యూటర్ గది తెరిచినప్పుడు అయ్యర్ ముహూర్తం పెడితే, మొదటి ఖాతా ఆమె పేరుతో, ఆమె బొటనవేలితో తెరిచారు. మొదటి ఖాతా అంటే అన్ని అధికారాలూ ఉన్న ఖాతా. పూజ అయింది, లడ్డూలు పంచారు, ఖాతా అలాగే ఉండిపోయింది. ఎవరి మిల్లులోనైనా వాడని ఖాతాను మూసేస్తారు. ఇక్కడ అది మూస్తే అమ్మను కాదన్నట్టు.

మణిమారన్ అణ్ణ మొదటిసారి నోరు విప్పాడు. తలెత్తలేదు.

"నేను అడిగితిని అయ్యా, రెండు ఏండ్ల ముందర. పెద్దమ్మ ఖాతాలో అన్ని పర్మిషన్లూ ఉండాయి, ఎవరూ వాడేది లేదు, ఆపి పెడతాము అని."

"నేను ఏమంటిని?"

అణ్ణ కుర్చీలోంచి లేవబోయాడు.

"చెప్పు మణిమారన్. ఏమంటిని?"

"'మా అమ్మ పేరు తీసేదానికి నువ్వు ఎవడురా' అంటిరి."

సౌందరరాజ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. క్షమించమని అనే అలవాటు ఆ కుర్చీకి లేదు. కానీ ఆయన చెయ్యి ఫిర్యాదు మీది కండెను తీసి పక్కన పెట్టింది, అది నేను చూశాను.

"దారి ఏ చిరునామాకు పోతోంది?" అని అడిగాను.

కార్తికేయన్ ఆ చిరునామా అంకెలు వెతికి చూశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తరవాత లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "మీరే చూడండి," అన్నాడు.

చూశాను. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న అంకెలు. అది మా కంపెనీ సర్వర్.

కంచే చేను మేసింది. దొంగ దారులు వెతికిపెడతామని వచ్చినవాళ్ళే దారి వేసుకుని కూర్చున్నారు. ఆ కాగితాన్ని తిరుమంగళం మిల్లుకు అమ్ముకున్నదీ వాళ్ళే అయివుండాలి. బాలసుందరం నాలుగో వాక్యం ఎందుకు తీయమన్నాడో అప్పుడు అర్థమైంది. కొనేవాళ్ళు భయపడతారని కాదు, ఆ వాక్యం ఉంటే ఏజెంటు తన దారినే పట్టిస్తుందని. ఆ వాక్యం ఉన్నంతకాలం ఆయనకు నిద్ర పట్టి ఉండదు. నా చేత్తోనే తీయించాడు. ఒళ్ళు మండిపోయింది. తిట్టాలనుకున్నాను గానీ, ఆ గదిలో నాకు వచ్చిన తిట్లు పలకదగినవి కావు.

అయినా ఆ మంటలోనే సంతోషం వేసింది. అణ్ణ బయటపడ్డాడు. తెర మీద ఉంది, తేదీతో సహా. నేను అణ్ణ వైపు చూసి నవ్వాను. అణ్ణ కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది నాకు, ఎందుకంటే అది పది నిమిషాలే ఉంది.

"అది సరే," అన్నారు సౌందరరాజ గారు. "ఈ అనుమతి అమ్మ బొటనవేలు లేకుండా రాదు కదా. ఆమె వేలు ఎవరు పెట్టించుకొనిండారు? ఎప్పుడు?"

"జూన్ పన్నెండు, పొద్దున పదకొండు గంటలు," అన్నాడు కార్తికేయన్. "మిల్లులో కాదు. ఆర్.ఎస్.పురం ఇంట్లో."

"ఆ పొద్దు మనమంతా మదురైలో పెండ్లికి పోయింటిమి. ఇంట్లో అమ్మ ఒకతే." ఆయన లేచి నిలబడ్డారు. "ఈ పొద్దు శుక్రవారం. దీపం పెట్టేదానికి కింద హాలుకు వచ్చింటుంది. పిలుచుకొని రా."

కార్తికేయన్ వెళ్ళాడు. ఆర్.ఎస్.పురం అన్న మాట నా చెవిలో పడింది, కానీ అప్పటికి నా బుర్ర బాలసుందరం మీదనే ఉంది. ఆయన ముఖం మీద ఏమేం అనాలో వరసగా పేర్చుకుంటున్నాను.

ధనమ్మాళ్ గారు మనవడి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వచ్చారు. చిన్న మనిషి, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, వేళ్ళకు ఇంకా పసుపు ఉంది. కొడుకును చూశారు, మణిమారన్ అణ్ణను చూశారు. తరవాత నన్ను చూశారు. ఆమె ముఖం విచ్చుకుంది.

"వచ్చినావా కణ్ణూ," అన్నారు. "మళ్ళా వస్తానని చెప్పి పోయి ఎన్ని నాళ్ళాయె. సౌందరం, నేను చెప్పలేదా, మన తెలుగు మాట్లాడే బిడ్డ ఒకతి ఇంటికి వచ్చినాదని? ఈ బిడ్డేరా. నా చెయ్యి వణుకుతా ఉంటే ఎంత పదిలంగా పట్టుకొని ఆ డబ్బా మీద పెట్టించినాదో."

ఆర్.ఎస్.పురం. నేను వెళ్ళిన ఇల్లు అదే.

జూన్ పన్నెండు. బాలసుందరం నా చేతికి వేలిముద్ర డబ్బా ఒకటి ఇచ్చి, ఒక చిరునామా రాసిచ్చాడు. ఒక కస్టమర్ ఇంట్లో పెద్దావిడ ఉంటుంది, మన సాధనం పెట్టడానికి ఆమె వేలు కావాలి, నువ్వయితే నెమ్మదిగా మాట్లాడతావు అన్నాడు. గేటు మీద పేరు లేదు, నంబరు ఉంది. తలుపు తీసింది ఈమె. నేను తమిళంలో మొదలుపెట్టి, ఆమె యాస విని తెలుగులోకి వచ్చాను. ఆమె నన్ను లోపలికి పిలిచి, హాల్లో తన పక్కన సోఫాలో కూర్చోబెట్టారు. మీరెవరు, ఏ వీధి అని అడగలేదు. నేను చెప్పలేదు. తాను తాగే వెండి లోటాలోనే మజ్జిగ పోసి నా చేతికిచ్చారు. అలాంటి ఇంటి హాల్లో మా అవ్వ ఎప్పుడూ కూర్చోలేదు, మా అమ్మ కూర్చోలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషంలో ఆమె వేలు పట్టుకుని డబ్బా మీద పెట్టించాను. పచ్చ లైటు వెలిగింది. ఆ రాత్రి ఇంట్లో అందరికీ మజ్జిగ గురించే చెప్పాను.

"నువ్వా?" అన్నాడు మణిమారన్ అణ్ణ.

నేను తలూపాను.

"వేలు పెట్టించేటప్పుడు తెర మీద ఏదో ఒకటి రాసిండాలే అముదా. దేనికి అనుమతి ఇస్తున్నారని రాయకుండా అది వేలు తీసుకోదు. ఏమి రాసిండాది?"

ఏమి రాసి ఉందో గుర్తు తెచ్చుకోవడానికి నిజంగా ప్రయత్నించాను. తెల్లటి తెర, కింద ఒక బటన్, పైన మూడు నాలుగు వరసలు ఏవో. ఊరందరి ఏజెంట్లకూ చదివి అర్థం చేసుకోమని వివరణలు రాసిపెట్టేదాన్ని నేను.

"చదవలేదు అణ్ణా," అన్నాను.

పెద్దావిడకు ఏమీ అర్థం కాలేదు. "ఏమిరా, బిడ్డ ఎందుకు ఏడుస్తా ఉండాది?" అని కొడుకును అడిగారు. ఆయన తల్లిని కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల దగ్గరికి వచ్చి ఫిర్యాదు కాగితాలు తీసుకున్నారు. మొదటి పేజీలో మణిమారన్ అన్న పేరు మీద అడ్డంగా గీత గీశారు, రెండో పేజీలోనూ గీశారు. తరవాత ఆ కాగితాలు అణ్ణ ముందు పెట్టారు.

"నీకు అన్యాయం చేసినాను," అన్నారు, అణ్ణ ముఖంలోకి చూడకుండానే. "అందుకని ఇది నీకే వదుల్తా ఉండాను. ఈ గీత పక్కన ఒక పేరు రాయాల. ఆ బాలసుందరం పేరు రాస్తే, వేలు పెట్టించింది నేను కాదు అంటాడు, రుజువు చూపించమంటాడు, ఏండ్లు పడుతుంది. ఈ పిల్ల పేరు రాస్తే రుజువు ఈడనే కూర్చునిండాది, మా అమ్మే సాక్షి. నువ్వు ఎవరి పేరు రాస్తే వాళ్ళ మీదనే కేసు. నేను అడ్డం చెప్పను."

గోడ గడియారంలో నాలుగు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అణ్ణ నా వైపు చూశాడు. నేను పుట్టినప్పటి నుంచీ తెలిసిన ముఖం అది, నాకు సైకిల్ నేర్పించిన మనిషి. ఆ ముఖంలో ఏముందో నాకు చదవడం రాలేదు. జాలి కాదు, కోపం అని కూడా అనలేను. అతనికి ఇద్దరు పిల్లలు. రెండు రోజులుగా వాళ్ళు బడికి పోవడం లేదు, దొంగ పిల్లలు అంటారని.

నన్ను వదిలేయమని అడగాలనుకున్నాను.

మణిమారన్ అణ్ణ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఈసారి అంచున కాదు, సరిగ్గా కూర్చున్నాడు. కాగితాలు దగ్గరికి తీసుకుని, కార్తికేయన్ వైపు చెయ్యి చాపి, పెన్ను అడిగాడు.